ఒక్క బోల్టూ మారని బండి

"నాలుగేళ్లుగా ఇదే గోల నీది," అన్నాడు ఆర్విల్, గుడ్ల మీద మిరియాల పొడి చల్లుకుంటూ. "ఆ ట్రక్కులో ఒక్క బోల్టు మార్చను. మార్చను గాక మార్చను."

"నీదేమైనా కొత్త గోలా?" వెర్నా కాఫీ కెటిల్‌ని ఠక్కున బల్ల మీద పెట్టింది. "ఏమడిగాను నిన్ను? బండిలో ఏసీ పెట్టించు, ఆ స్టీరింగ్ కాస్త తేలిక చేయించు, నేనూ నీ పక్కన కూర్చుని వస్తానన్నాను. అంతేగా?"

ఏటా ఆగస్టులో పాత ట్రక్కులవాళ్లు ఇరవై మంది వరసకట్టి లబ్బక్ పట్నం నుంచి న్యూ మెక్సికో కొండల్లోకి వెళ్తారు. వెర్నా వాళ్ల అక్క ఒపల్ ఉండేది ఆ కొండల్లోనే. ఆర్విల్ వెళ్లి ఒపల్ ఇంట్లో దిగుతాడు, ఆమె చేసిన పీచ్ పండ్ల కేకులో సగం ఒక్కడే తింటాడు, మూడు రోజులకు తిరిగొస్తాడు. వెర్నా తన అక్కను చూసి నాలుగేళ్లయింది. ఈసారి ప్రయాణం ఎల్లుండే.

"నీ కారులో నువ్వు రావచ్చుగా?"

"నీ వెనకాల దుమ్ము తింటూనా? నాకేం ఖర్మ!" వెర్నా తన కొడుకు ట్రావిస్ వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పరా. ఊళ్లోవాళ్ల బండ్లన్నీ నీ షెడ్డులోనే కదా బాగుపడేది? పైన పాత రూపు పాతదే, లోపల అంతా కొత్తదే. మొన్న ఆ పశువుల డాక్టరు బండి చూశాను. ఏసీ ఉందంటే ఎవరూ నమ్మరు."

ట్రావిస్ కంచంలోంచి తల ఎత్తలేదు. "నన్ను మధ్యలోకి లాగకమ్మా."

"వాడేం చెప్తాడు?" ఆర్విల్ నవ్వాడు. "పాత ట్రక్కుల సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. ముసలి గుర్రానికి పెట్టుడుపళ్లు కట్టించినవాళ్లని యాత్రకే రానివ్వం. ఆ రోజుల్లో మనుషులు ఎలా నడిపారో అలాగే నడపాలి. మెడకి తడిగుడ్డ కట్టుకుని, చెమటోడ్చి, భుజాలు పడిపోయేలా! నువ్వు తట్టుకోలేవు వెర్నా. నీ మంచికే చెప్తున్నాను."

"నా మంచి!" అంది వెర్నా. కంచాలు ఎత్తి సింకులో పడేసింది. పంపు తిప్పితే నీళ్లు రాలేదు. బోరు మోటారు మళ్లీ చెడిపోయింది.

మోటారు బాగుచేసేవాడు పెద్ద లారీ వేసుకుని వచ్చేసరికి పదకొండయింది. ఆర్విల్, ట్రావిస్ అప్పటికే కారెక్కి క్షవరానికి వెళ్లిపోయారు. బోరుకి అడ్డంగా, రంగు వెలిసిన ఆకుపచ్చ షెవర్లే ట్రక్కు ఠీవిగా నిలబడి ఉంది. పంతొమ్మిది వందల యాభై ఒకటి నాటిది.

"ఇది తీస్తే గాని లారీ లోపలికి రాదమ్మా," అన్నాడతను.

వెర్నా ఆర్విల్‌కి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మంగలి కుర్చీలో కూర్చుంటే అతనికి లోకం పట్టదు. నాలుగేళ్ల కిందట ఆ ట్రక్కుని ట్రావిస్ షెడ్డులో చిన్న చిన్న మరమ్మతులు చేయించి తెచ్చిన దగ్గర్నుంచీ ఎవర్నీ అందులో కాలు పెట్టనివ్వలేదు. అయినా ఇంట్లో చుక్క నీరు లేనప్పుడు ఎవర్ని అడగాలి?

ఆమె మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసుకుంది. పెళ్లికి ముందు నాన్న పత్తి ట్రక్కు తోలిన చేతులే కదా అనుకుంది. మోచేతుల దాకా చొక్కా మడిచి, పళ్లు బిగపట్టి ఎక్కింది.

బండిని పెకాన్ చెట్టు కిందికి జరపడం పది నిమిషాల పని. వెర్నా ముప్పావుగంటకి గాని లోపలికి రాలేదు. వచ్చినావిడ నేరుగా పడకగదిలోకి వెళ్లి పెట్టె సర్దుకుంది.

మధ్యాహ్నం భోజనానికి కోడలు రోండా కూడా వచ్చింది. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, ఐసు వేసిన టీ. ఆర్విల్ కొత్త క్షవరంతో మెరిసిపోతూ ప్రార్థన చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు.

రొట్టెకి వెన్న రాసుకుంటూ, ఉప్పందుకో అన్నంత మామూలుగా అంది వెర్నా:

"ఎల్లుండి నేనూ వెళ్తున్నాను. ట్రక్కులోనే. ఒపల్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. పోయేటప్పుడు ఆర్విల్ తోలతాడు, వచ్చేటప్పుడు నేను తోలతాను."

"పిచ్చా నీకు?" ఆర్విల్ చేతిలో చెంచా ఆగిపోయింది. "ఎల్లుండి ఎండ నూట అయిదు ఫారెన్‌హీట్ అట! దారిలో సొమ్మసిల్లి పడితే ఎవరు చూస్తారు? తడిగుడ్డ సరిపోదు నీకు."

"తడిగుడ్డ ఎందుకు? పెట్టెలో స్వెట్టరు పెట్టుకున్నాను."

ట్రావిస్‌కి పొలమారింది. రోండా మొగుడి వీపు తడుతూ అత్తగారి వైపు వింతగా చూసింది.

"ఈ ఎండలో స్వెట్టరేంటి అత్తయ్యా?"

వెర్నా రొట్టె కొరికి, తాపీగా నమిలి మింగింది.

"పాటలు విందామని ఆ ట్రక్కులో పాత రేడియో మీట తిప్పానమ్మా. పాట రాలేదు గాని, మంచులాంటి గాలొచ్చింది."