పెన్న గట్టున మూడు రోజులు

రుబ్బురోలు బండెక్కడం చూసేసరికి వెంకటశేషమ్మకు ఏడుపొక్కటే తక్కువైంది.

"అదెందుకు?" అంది మొగుడితో.

"ఇడ్లీకి పిండి రుబ్బుకోవద్దా? ఇంతమందిమి పోతా ఉంటిమి," అన్నాడు పద్మనాభయ్య, పొత్రాన్ని గడ్డిలో భద్రంగా దోపుతూ.

దొరలు దేశం వదిలి పన్నెండేళ్ళయినా వాళ్ళ వేడుకలు పద్మనాభయ్యను వదల్లేదు. ఎండాకాలం వస్తే దొరలు పెళ్ళాం పిల్లలతో ఏటి ఒడ్డుకు పోయి, చిన్న చిన్న కొయ్య ఇళ్ళల్లో కాపురముంటారని ఏదో వారపత్రికలో చదివాడు. అంతే, మనిషికి కుదురు లేదు. కోతలైపోయాయి, వడ్లు ఇంటికి చేరాయి. పెన్న గట్టున దోసతోట వేసిన ముత్యాలయ్యను పట్టుకుని అక్కడే రెండు తాటాకు పాకలు వేయించాడు. పెట్రోమాక్స్ లైటు బాగు చేయించాడు. తమ్ముడు చెంచురామయ్యనూ, పినతండ్రి కొడుకుల్నీ రమ్మన్నాడు. వాళ్ళ ఆడవాళ్ళు మాత్రం తెలివిగా ఇళ్ళ దగ్గరే ఉండిపోయారు.

"మూడు రోజులు ఎవురికీ ఏ పనీ ఉండదు. నీళ్ళల్లో ఆడుకునేది, దోసకాయలు తినేది, పొణుకునేది," అని ఊరంతా చెప్పుకొచ్చాడు.

పిచ్చి తల్లి, వెంకటశేషమ్మ ఆ మాట నమ్మింది. కాపురానికి వచ్చింది మొదలు ఆమెకు పొయ్యి దగ్గర్నుంచి విడుదలంటే నెలనెలా బయట కూర్చునే మూడు రోజులే. అవీ గొడ్ల చావిట్లో, దోమల మధ్య. ఏటి గాలికి ఇసుకలో కాళ్ళు చాపుకుని, ఎవరో వండింది తినడమనేది ఆమె ఎరగని సుఖం. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అది కావాలనిపించింది.

ఇప్పుడు రోలు వెనకాలే బియ్యం మూట ఎక్కింది. చింతపండు, మిరపకాయలు, కత్తిపీట, అండాలు ఎక్కాయి. వంటింట్లో పొయ్యి ఒక్కటే మిగిలింది. అదైనా మట్టిలో పాతి ఉండబట్టి.

"ఇదంతా వండేదెవురు?" అని అడిగింది.

పద్మనాభయ్యకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఎవురేంది? నువ్వుండావు గదా!"

బండి పొద్దెక్కేసరికి పెన్న గట్టు చేరింది. తెల్లటి ఇసుక, మధ్యలో మోకాళ్ళ లోతు నీళ్ళు. పిల్లలు కేరింతలు కొడుతూ పరిగెత్తారు. పద్మనాభయ్య మూడు రాళ్ళు తెచ్చి పొయ్యి పెట్టాడు.

"శేషా, ముందు అందరికీ కాఫీ పెట్టు. చేపల పులుసు సంగతి ఆనక చూద్దాం."

వెంకటశేషమ్మ బండి దిగి, ఇసుకలో కాలు పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

"నేను బయట చేరినా," అంది.

పచ్చి అబద్ధం! అదీ ఎవరి ముందు? అత్తగారు మస్తానమ్మ ముందు. మైల దగ్గర ఆమె మొహమాటమెరగదు. బయటున్న కోడలి కొంగు గాలి తగిలిందని కడవెడు మంచినీళ్ళు పారబోసిన మనిషి.

మస్తానమ్మ బండిలోంచి తల బయటపెట్టింది. "మొన్ననే గదే తలకు పోసుకున్నావు?"

"ఎండలకి ముందే వచ్చినట్టుందత్తా."

ముసలామె కళ్ళు చిట్లించి కోడలిని ఎగాదిగా చూసింది. వెంకటశేషమ్మ తల ఎత్తలేదు. మైల లేకుండా మైలని చెప్పిందని తెలిస్తే ఇంక ఆ ఇంట్లో తలెత్తుకు తిరగడం కల్ల. పుట్టింటికి పంపినా పంపుతుంది.

"పో, ఆ కానుగచెట్టు కింద కూచో," అంది మస్తానమ్మ చివరికి. "ఎవురూ దాని దగ్గరికి పోబాకండి."

"మరి వంట ఎట్టమ్మా?" అన్నాడు పద్మనాభయ్య, చేతిలో కాఫీ గిన్నెతో.

"నాకు నడుం వంగదు అబ్బయ్యా. నేను చెబతా, నువ్వు చెయ్యి."

పద్మనాభయ్య పొయ్యి ఊదాడు. కళ్ళు చింతనిప్పులయ్యాయి. పులుసులో ఉప్పు తను వేసినదిగాక తమ్ముడూ వేశాడు. రుబ్బురోలు ముందు కూర్చున్న చెంచురామయ్యకు అరిచేతులు బొబ్బలెక్కాయి. పినతండ్రి కొడుకులకు రెండో రోజు పొద్దున్నే ఊళ్ళో అర్జంటు పనులు గుర్తొచ్చాయి.

వెంకటశేషమ్మ చెట్టు కింద చాప మీద కాళ్ళు చాపుకుంది. నీళ్ళల్లో కొంగలు దిగడం చూసింది. పట్టపగలు నిద్రపోయింది. మెతుకు మెతుకుకీ మాడు వాసన కొట్టినా, తను వండని అన్నం ఎంత రుచిగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. అత్తగారు మాత్రం పూటపూటా విస్తరి తెచ్చి, దూరంగా ఇసుకలో పెట్టి, ఓ చూపు చూసి పోయేది. ఆ చూపుకి దొరక్కుండా వెంకటశేషమ్మ విస్తరి మీదికి వంగేది.

మూడో రోజు ఎండ చల్లబడ్డాక మగవాళ్ళు మూతులు ముడుచుకుని బండికి సామాను ఎక్కిస్తున్నారు. మస్తానమ్మ ఒక్కతే, చేతిలో విస్తరి కూడా లేకుండా, నేరుగా చెట్టు దగ్గరికి నడిచి వచ్చింది. అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంది వెంకటశేషమ్మ. దిగ్గున లేచి నిలబడింది.

"అక్కడే ఉండత్తా! మైల... తగులుతుంది!"

మస్తానమ్మ ఆగలేదు. వచ్చి, కోడలి భుజం పట్టుకుని, ఆ చాప మీదే ఆమెను కూర్చోబెట్టి, పక్కన తనూ చతికిలబడింది. ఒకసారి బండి వైపు చూసి, కోడలి చెవి దగ్గరికి వంగింది.

"నీ మొగుడితో మాత్రం చెప్పబాక. మీ మామ పొయ్యేదాకా నేనూ చెప్పలా."