పేరు చెక్కిన కంచం

“క్షయ తగ్గుతోంది. మందులు మాత్రం మానకూడదు. కొన్నాళ్లు ఇంట్లో ఇతనికి కంచం వేరుగా ఉంచండి,” అని చెప్పి దేముడిని డిశ్చార్జి చేశాడు డాక్టరు.

అన్న గణపతిరావు సంచిలోంచి సొట్టలుపడ్డ సత్తుపళ్లెం తీశాడు. “తెచ్చినాను. రిక్షా ఎనక గేటుకాడ ఉంది. వర్క్‌షాపు వదిలి జనం రోడ్డెక్కేలోగా ఎల్లిపోదుం, మన పూరీ గేటు పేటోళ్లెవులూ సూడకుండా.”

దేముడు గోడవైపు తిరిగిపోయాడు. “నాను రాను.”

అతని భార్య గంగాభవాని ఆ పళ్లేన్ని కిటికీలోంచి విసిరేసింది.

“డాక్టరు మాట ఇనవేటి?” అరిచాడు గణపతిరావు.

“ఇన్నాను బావా.” ఆమె తన సంచిలోంచి కంచు కంచం తీసింది. అంచున దేముడి పేరు చెక్కి ఉంది. “మా పెళ్లికి మా అయ్య ఇచ్చినాడు. పెద్దోడివని ఇన్నాళ్లూ దీన్లో నీకే పెట్టినాను. ఇకమీదట ఈయనొక్కడే తింతాడు.”

దేముడు మంచం దిగి అన్నవైపు తిరిగాడు.

“రిక్షా ముందు గేటుకి తెమ్మను. వర్క్‌షాపు వదిలినాకే ఎల్దుం.”