ఏ పుస్తకం కొనాలి సార్?

“గీ మూడిట్ల ఏది కొనాల్నో ఒక్క మాట చెప్పున్రి సార్. పాఠం అడుగుతలేను.”

“నేను సమ్మెల ఉన్న.”

“పుస్తకం పేరు చెప్తే సమ్మె ఆగిపోతదా సార్?”

రామ్మోహన్ సారు మొహం తిప్పుకున్నాడు. జనగామ చౌరస్తాలో వేసిన సకల జనుల సమ్మె టెంటు కింద, లెక్చరర్ల వరసలో కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆయన ఎదురుగా హిమజ జంపఖానా మీద మూడు ఫిజిక్స్ పుస్తకాలు పరిచింది, సంతలో కూరగాయలు పెట్టినట్టు. పుస్తకాల షాపు సేటు సగం షట్టరు ఎత్తి, పొద్దుగూకేలోపు ఒకటి ఉంచుకొని రెండు తెచ్చివ్వమని ఇచ్చిన పుస్తకాలవి.

డాక్టర్ కావాలని హిమజకు ఎంత ఆశంటే, నిద్రలో కూడా ఎంసెట్ రాస్తుంది. బాటనీ, జువాలజీ ఆమెకు మంచినీళ్ల ప్రాయం. ఫిజిక్స్ పేరెత్తితే మాత్రం అరచేతులకు చెమటలు పడతాయి. కాలేజీ మూతపడి నెల దాటింది. పునశ్చరణ చేసుకుందామంటే ఏ పుస్తకం పట్టుకోవాలో కూడా తెలియడం లేదు. ఇంటి దగ్గర అడిగితే లాభం లేదని తెలిసే ఇక్కడికి వచ్చింది.

“గీ లావు దాంట్ల లెక్కలు మస్తుగున్నయి సార్, పాఠం లేదు. గిది బిట్ల పుస్తకం. జవాబులున్నయి, ఎట్లొచ్చినయో లేదు. గీ సన్నదాంట్ల సూత్రాలు తప్ప ఏం లేవు. ఏది సదివితె సీటొస్తది?”

అంటూనే సన్న పుస్తకం తెరిచి ఆయన మోకాళ్ల ముందు పెట్టింది. భ్రమణ చలనం పేజీ. సారు వద్దనుకుంటూనే చూశాడు. ఘన గోళం సూత్రంలో రెండు బై ఐదు ఉండాల్సిన చోట రెండు బై మూడు అచ్చయి ఉంది. ఆయన కుడిచెయ్యి దానంతటదే సుద్దముక్క కోసం చొక్కా జేబులోకి పోయింది. జేబు ఖాళీ. చెయ్యి వెనక్కి తీసుకుని, కళ్లద్దాలు తీసి డబ్బాలో పెట్టి టప్పున మూత వేశాడు. అద్దాలు లేకపోతే దగ్గరి అక్షరం ఆయనకు ఆనదు.

పక్కన కూర్చున్న తెలుగు లెక్చరర్ పోశయ్యకు ప్రాణం ఉసూరుమంది.

“గీ పిల్లకు సుతనా అన్నా? నోరు తెరవకు. పుస్తకం దిక్కు ఒక్క వేలు సూపెట్టు. మేమందరం అటు మర్లుతం.”

లెక్చరర్లంతా నిజంగానే అటు తిరిగారు కూడా.

“మీరు మర్లుతరు పోశయ్యా, నేనెటు మర్లాలె?” అన్నాడు సారు.

నిజం చెప్పాలంటే హిమజకు కావలసింది పుస్తకం కాదు, ఆయన గొంతు. ఎంత చెత్త పుస్తకమైనా సరే, ఆయన పక్కన కూర్చుని “ఇగో, గిట్ల సూడు” అంటే చాలు, అర్థం కానిదంటూ ఉండదు. ఆ ఒక్క మాట కోసం ఆమె మొహం వాచి ఉంది. సమ్మె ఎప్పుడు అయిపోతుందో, ఆ మాట మళ్లీ ఎప్పుడు వింటుందో!

అప్పుడే రఘునాథపల్లి రైతు ఆగయ్య టెంటులోకి దూసుకొచ్చాడు. మక్కజొన్నలు అమ్ముదామని వస్తే మార్కెట్ బందు. బిడ్డ సంగతి కనుక్కుందామని కాలేజీకి పోతే అదీ బందు.

“ఫిజిక్స్ సారు ఎవలు గీడ?”

“నేనే” అని లేచాడు రామ్మోహన్ సారు.

“తెలంగాణ మాకు సుత గావాలె సారూ. గాని నా బిడ్డ మీ కాలేజీల్నే సదువుతది. డాక్టర్ సదువంటది. నెల సంది గోడ దిక్కు సూసుకుంట కూసున్నది. దానికెవలు చెప్పాలె?”

“నేనే చెప్త. సమ్మె అయినంక ఆయితారం సుత ఇడువకుంట చెప్త.”

“అప్పటిదాంక మీ పిల్లలు సుత ఆగుతరా? పగలంత టెంటుల కూసుంటరు, రాత్రి ఇంట్ల మీ పిల్లలకు చెప్పుకుంటరు. సమ్మె మా పిల్లలకు, సీట్లు మీ పిల్లలకు!”

“నేను ఎవ్వలికీ చెప్తలేను.”

“ఎట్ల నమ్మాలె? పిల్లలున్నరా నీకు?”

“ఒక బిడ్డ ఉన్నది.”

“అయితే నీ బిడ్డ మీద ఒట్టు పెట్టు సారూ! పెట్టు, గిప్పుడే ఎల్లిపోత.”

సారు ముఖం పాలిపోయింది. చెయ్యి లేవలేదు.

“సూసిన్రా? చెయ్యి లేస్తలేదు! నాకు ఎరుకే!” అని ఆగయ్య తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు.

హిమజ మూడు పుస్తకాలూ మూసి ఒకదాని మీద ఒకటి పేర్చింది. కోపంతో వచ్చిన ఏడుపో, ఏడుపుతో వచ్చిన కోపమో, కళ్లు నిండిపోయాయి. లేచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. సారు కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

“పెట్టు నాయినా! నెల సంది నాకు సుత ఒక్క అచ్చరం చెప్పలేదని గాయినకు ఒట్టు పెట్టు.”