ఆయాసం

వాన రేకుల మీద దబదబా కొడుతోంది.

అడవి బాట పక్కనున్న ఆ షెడ్డులో అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఒంటికి చుట్టుకున్న ప్లాస్టిక్ పట్టా నిండా అతుకులే.

అక్కతో కలిసి తడుస్తూ లోపలికొచ్చిన జిమ్ కోచ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఇలాంటివాళ్లు కూడా కొండలెక్కడానికి తయారైతే ఇక అయినట్టే అనుకున్నాడు.

"ఇంకెంతసేపక్కా? లే!"

అక్క బెంచీ మీద కూలబడి బూటు తాడు కట్టుకుంటోంది. ముడి ఎంతకీ పడటం లేదు. ఆమెది కుట్టుపని.

"మెషీను ముందు కూర్చుని కూర్చుని మూటలా తయారయ్యావ్. నీ ఈడువాళ్లు నా దగ్గర బరువులెత్తుతున్నారు. పరువు తీస్తున్నావ్."

అక్క ముడి విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

వాన తెరిపిచ్చిందేమో చూద్దామని కోచ్ బయటికి వెళ్లొచ్చేసరికి, పట్టా ఆయన లేచి నిలబడి ఉన్నాడు.

"సార్, నన్నూ మీతో రానిస్తారా? ఒక్కణ్ణే నడవాలంటే భయంగా ఉంది."

"రండి. వెనకబడితే మాత్రం ఆగను."

మొదటి ఎత్తు దగ్గరే ఆయన చతికిలబడ్డాడు.

"ఒక్క నిమిషం సార్... ఊపిరందట్లేదు."

కోచ్ పళ్లు కొరికాడు. అక్క కూడా పక్కనే రాతి మీద కూర్చుంది.

మలుపు తిరగ్గానే మళ్లీ అదే పాట. చెక్క వంతెన దాటగానే మళ్లీ.

"ఏం తిని బతుకుతారండీ మీరు, గాలా?"

"నిజమే సార్. ఒంట్లో సత్తువ లేదు."

"లేకపోతే ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకోవాలి. మా ప్రాణం తీయడం దేనికి?"

ఆయన నవ్వాడు. కోచ్‌కి ఒళ్లు మండిపోయింది. చీమూ నెత్తురూ లేని మనిషి!

చివరి ఎక్కుడు దగ్గర కోచ్ ఇక ఓపిక పట్టలేకపోయాడు.

"ఈయన్ని ఇక్కడే వదిలేసి పదక్కా."

"పాపం, ఎలా వదిలేస్తాంరా? నువ్వు పద. మేం మెల్లగా వస్తాం."

కోచ్ విసవిసా ఎక్కి, రోడ్డు మీద టీ కొట్టులో కూర్చున్నాడు. రెండో టీ కూడా అయ్యాక గానీ వాళ్లిద్దరూ రాలేదు.

"ఒక ముక్క చెప్తా వినండి," అన్నాడు ఆయనతో. "ఇంకోసారి కొండల జోలికి రాకండి."

"అలాగే సార్."

ఆయన అక్కకి నమస్కారం పెట్టి, వచ్చిన బాటనే మళ్లీ వానలోకి దిగాడు. పరుగులాంటి నడక. బురదలో ఎక్కడా కాలు జారలేదు. చూస్తుండగానే మలుపు దాటిపోయాడు.

కోచ్ గ్లాసు పక్కన పెట్టి అక్క వైపు తిరిగాడు.

"మరి ఆ ఆయాసం?"

"అది నాదిరా," అంది అక్క. "షెడ్డులోనే కనిపెట్టాడు. తమ్ముడితో అనకండి, నవ్వుతాడు అన్నాను."

"మళ్లీ అడవిలోకి ఎందుకు దిగినట్టు?"

అక్క బాట వైపు నుంచి చూపు తిప్పలేదు.

"ఆయన ఇల్లు అటే ఉందిరా. పొద్దున ఈ రోడ్డు మీదే బస్సు దిగి ఇంటికి పోతున్నవాడు, నా కోసం ఇంత కొండా మళ్లీ ఎక్కాడు."