నాలుగో గొలుసు

షెడ్డు కూలి నా కొడుకు దూలాల కింద ఇరుక్కున్నాడు. వాటిని లేపాలంటే ముందువైపు బకెట్ ఉన్న మా ట్రాక్టరే గతి. ఇంటి నుంచి షెడ్డు దగ్గరికి పన్నెండు కిలోమీటర్లు.

త్వరగా చేరాలని మనవరాలు దాన్ని జీపుకి తగిలించిన ట్రైలర్ మీదికెక్కించి మూడు మూలలా గొలుసులు బిగించి, బండెక్కబోయింది.

"నాలుగోది?" అన్నాను.

"నాయనమ్మా, అక్కడ నాన్న ప్రాణం కొట్టుకుంటుంటే నీకు లెక్కలా?"

"మూలలు నాలుగు. బిగించు."

బిగించింది. మూడు కిలోమీటర్లు పోయాక ఆపమన్నాను. స్టీరింగ్ మీద తల బాదుకుంది.

"నీది గుండా, బండరాయా? ఆయన నీ కొడుకే కదా!"

దిగి చూస్తే, కుదుపులకు వెనక గొలుసొకటి వదులై వేలాడుతోంది. దాన్ని బిగిస్తూ ఏడ్చేసింది.

"తాతయ్యే ఉంటే ఇలా ఆగనిచ్చేవాడా?"

ట్రైలర్ మీంచి ట్రాక్టర్ జారి మీద పడి తాతయ్య పోయారని మనవరాలికి తెలుసు. ఎందుకు జారిందో ఇన్నేళ్లూ నేనెవరికీ చెప్పలేదు.

"ఆయన నాలుగోది బిగించేదాకా ఆగుదామనే అన్నారే. 'ఆలస్యమవుతోంది, మూడు చాల్లెండి, పదండి' అన్నది నేనే."

అది కళ్లు తుడుచుకుంది. నాలుగు గొలుసులూ ఒక్కొక్కటే లాగి చూసింది.

"ఎక్కు, నాయనమ్మా. ఇంకో మూడు కిలోమీటర్లకి మళ్లీ ఆపుతా."