అరవని మంచం

"నేను సచ్చేదాక ఏం చూస్తున్నవే?" రత్నాకర్ హెడ్‌ఫోన్ బల్లమీద విసిరాడు. ఆన్‌లైన్ ఆటలో అతనిది కత్తి పట్టే పని, దెబ్బతిన్న జట్టువాళ్లకు ప్రాణం పోయడం చెల్లెలు లిదియా పని. "ఇదొక్కటి గూడ ఓడితే నీ జాగల మా కంపెనీ దోస్తును తీసుకుంట."

లిదియాకు ఒళ్లు మండింది. "ప్రాణమంత నీకే పోసిన. ఇంకేం పొయ్యాలె, నా నెత్తురా?"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నానమ్మ సారమ్మ నవ్వింది. చేవెళ్ల దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసిన మనిషి. "నన్ను చూస్తే ఇరిగిన బొక్కలు భయపడి అతుక్కునేటివి, బిడ్డా. కానీ అరిచే మంచం కాడికి నేనెన్నడు ముందుగాల పోలే. అరిచెటోనికి ఊపిరున్నది. సప్పుడు చెయ్యనోని కాడికి ఉరికేదాన్ని."

ఆఖరి ఆట మొదలైంది. కాసేపటికే తెర మూలన మోకిల నుంచి ఆడే జట్టువాడు గోవర్ధన్ ప్రాణం గీత ఎర్రబడింది. అతను ఎప్పుడూ నోరు తెరవడు. ప్రతి ఆటలో ముందు చచ్చేదీ అతనే.

ఆ వెంటనే రత్నాకర్ గీత కూడా ఎర్రబడింది. "ముందు నాకు పొయ్యి" అంటూ ఇల్లు లేపాడు.

లిదియా గోవర్ధన్‌కు పోసింది. అతను లేచి శత్రువుల కోట కూల్చాడు. జట్టు గెలిచింది.

తెరమీద చచ్చిపడున్న రత్నాకర్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "నన్నెందుకు ఇడిసినవే?"

"అరుస్తున్నవు గదన్నా," లిదియా పళ్లు బిగించి అంది. "బతికే ఉన్నవనుకున్న."