గంపెత్తే బస్సు

నగరం కింద కొత్తగా వేసిన రైలుమార్గానికి బస్సుల దారులూ వేళలూ జతచేస్తున్న మాట్లాడే యంత్రం ఇంటింటికీ ఫోన్ చేస్తూ, ఆకుకూరలమ్మే బాలనర్సమ్మనూ అడిగింది: "నీకేం గావాలె అవ్వా?"

"డ్రైవర్ లేని బస్సులాయె, కండక్టర్ గూడ లేకపాయె. దించిన గంప మళ్ల నెత్తికెవరెత్తాలె?" అని ఆమె కసిరింది.

రైలు మొదలైననాడు స్టేషన్ బయట అలుపు తీర్చుకుందామని గంప దించి చూస్తే, తనడిగినందుకు పెట్టి ఉంటారనుకున్న ఎత్తే మర ఏదీ లేదు. తిట్టబోయేంతలో పక్కనే బస్సాగింది. దిగినావిడ రెండు కట్టల తోటకూర కొని, గంప ఎత్తిపెట్టి పోయింది. మరునాడూ గంప దించిన నిమిషానికే బస్సొచ్చింది. ఈసారి గోంగూర కొని ఎత్తినవాడు మరొకడు.

మూడోనాడు బాలనర్సమ్మే ఫోన్ చేసింది. "నా గంప కోసం బస్సు తెచ్చినవా? ఒక మర పెడితే అయిపోతుండె గద!"

"మర గంప ఎత్తుతది గని, బోణీ చెయ్యదు గద అవ్వా," అంది యంత్రం.